జావాస్క్రిప్ట్ ఫ్రీలాన్సర్‌కి వెబ్ పని అప్పజెప్పే ముందు: గోదావరి జిల్లాల వ్యాపారులు తరచుగా అడిగే ప్రశ్నలు

నేను కాంట్రాక్టు మీద వెబ్ పనులు చేసే జావాస్క్రిప్ట్ డెవలపర్‌ని. జావాస్క్రిప్ట్ అంటే వెబ్‌సైట్లని పనిచేయించే ప్రోగ్రామింగ్ భాష. భీమవరం, పాలకొల్లు, అమలాపురం, కడియం, రాజమండ్రి వైపు నుంచి వచ్చే ఫోన్లలో దాదాపు ఇవే ప్రశ్నలు ఉంటాయి. పని నాకే ఇవ్వమని ఈ జవాబులు రాయడం లేదు. ఎవరికిచ్చినా మీ డబ్బు, మీ డేటా, మీ సైటు తాళాలు మీ చేతిలోనే ఉండాలని రాస్తున్నాను.

మాది చిన్న వ్యాపారం. అసలు మాకు డెవలపర్ అవసరమా అండీ?

చాలామందికి అవసరం లేదు. షాపు అడ్రసు, ఫోన్ నంబరు, నాలుగు ఫొటోలు, మ్యాప్‌లో దారి చాలనుకుంటే గూగుల్‌లో బిజినెస్ ప్రొఫైల్ పెట్టుకోండి, వాట్సాప్ బిజినెస్‌లో కేటలాగ్ పెట్టుకోండి. రెండూ ఉచితమే. ఉచితంగా అయ్యే పనికి మనిషిని పెట్టుకోవద్దు.

సైటు ఏదైనా లెక్క కట్టాలన్నా, ఏదైనా గుర్తుపెట్టుకోవాలన్నా అప్పుడు డెవలపర్ కావాలి. కడియం నర్సరీలో మొక్క ఎత్తుని బట్టి, కవర్ సైజుని బట్టి రేటు మారుతుంది. ఆత్రేయపురం పూతరేకులు ఎన్ని బాక్సులు, ఏ ఊరికి అన్నదాన్ని బట్టి కొరియర్ చార్జీ మారుతుంది. పాపికొండల బోటులో ఎన్ని సీట్లు మిగిలాయో ఆ క్షణానికి సరిగ్గా చూపించాలి, లేకపోతే ఒకే సీటు ఇద్దరికి అమ్ముడవుతుంది. ఇలాంటివన్నీ జావాస్క్రిప్ట్‌తో చేసే పనులే.

రియాక్ట్, నోడ్, యాంగ్యులర్ అని ఏవేవో చెబుతున్నారు. మేం ఏది అడగాలి?

పేరు పట్టుకుని అడగొద్దు. జావాస్క్రిప్ట్ 1995లో బ్రౌజర్ కోసం పుట్టింది. జావా వేరే భాష, కాబట్టి రెజ్యూమేలో జావా అనుభవం మాత్రమే ఉంటే అది మీ పనికి సరిపోతుందని అనుకోవద్దు. 2009లో నోడ్ వచ్చాక అదే జావాస్క్రిప్ట్ సర్వర్ మీద, అంటే సైటుని నడిపే కంప్యూటర్ మీద, కూడా విరివిగా నడవడం మొదలైంది. కస్టమర్ ఫోన్‌లో కనిపించే భాగాన్ని ఫ్రంటెండ్ అంటారు, వెనక డేటా దాచి లెక్కలు చూసే భాగాన్ని బ్యాకెండ్ అంటారు. రియాక్ట్, వ్యూ, యాంగ్యులర్ ముందు భాగానివి. నోడ్ వెనక భాగానిది. మీ పనికి రెండూ కావాలా, ఒకటి చాలా అన్నది మాత్రం మొదటి రోజే తేల్చుకోండి. రెండూ వస్తాయని చెప్పేవాళ్లలో చాలామందికి ఒకటే గట్టిగా వస్తుంది. అది తప్పేం కాదు, ముందే తెలియాలి అంతే.

ఇంకొక్క మాట. రేపు ఈ మనిషి లేకపోతే కాకినాడలోనో రాజమండ్రిలోనో ఇంకొకరు అందుకోగలిగిన సరంజామాతో కట్టమనండి. ఇప్పటి యాంగ్యులర్‌కి ముందు రూపమైన పాత యాంగ్యులర్‌జేఎస్‌కి గూగుల్ 2021 డిసెంబరుతో మద్దతు ఆపేసింది. ఇప్పుడు కొత్తగా మొదలుపెట్టే పనిని దాని మీద కడతానంటే వద్దనండి.

మన చుట్టుపక్కల దొరుకుతారా? హైదరాబాద్ వాళ్లకే ఇవ్వాలా?

దొరుకుతారు. కాకినాడ జేఎన్‌టీయూ, భీమవరం ఎస్‌ఆర్‌కేఆర్ లాంటి కాలేజీల్లో చదివినవాళ్లు, 2020లో ఇంటికొచ్చి ఇక్కడి నుంచే పని చేసుకుంటున్నవాళ్లు చాలామంది ఉన్నారు. అప్‌వర్క్ లాంటి ఫ్రీలాన్స్ పనులు దొరికే సైట్లలో విదేశీ పనులు చేస్తూ పక్క వీధిలో ఎవరికీ తెలియకుండా ఉండేవాళ్లూ ఉన్నారు. మీ ఊళ్లో కంప్యూటర్ సెంటర్ వాళ్లని, కాలేజీ లెక్చరర్లని అడిగితే పేర్లు తెలుస్తాయి.

దగ్గరివాళ్లతో ఒక పెద్ద లాభం ఉంది. పని జరిగే చోటుకి వచ్చి చూస్తారు. రొయ్యల కొనుగోలు లెక్కలు రాసే యాప్ అనుకోండి. ఆఫీసులో కూర్చుని గీస్తే అందంగానే ఉంటుంది. తెల్లవారుజామున చెరువు గట్టు మీద పట్టుబడి జరిగేటప్పుడు వచ్చి చూస్తే అసలు సంగతి తెలుస్తుంది. కాటా దగ్గర గుమాస్తా చేతులు తడిగా ఉంటాయి, చిన్న బటన్లు పడవు. టార్చి వెలుతురులో లేత బూడిద రంగు అక్షరాలు కనిపించవు. సిగ్నల్ ఒక గీత ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు. కౌంటు, తూకం నమోదు చేసి సేవ్ నొక్కితే చక్రం తిరుగుతూనే ఉంటుంది, లారీ వెళ్లిపోతుంది. అక్కడ నిలబడి చూసిన డెవలపర్ ముందు ఫోన్‌లోనే దాచి, సిగ్నల్ వచ్చాక సర్వర్‌కి పంపేలా కడతాడు. బ్రౌజర్‌లోనే దానికి సదుపాయం ఉంది, సర్వీస్ వర్కర్, ఇండెక్స్‌డ్ డీబీ అంటారు. ఇది మొదట్లోనే అడగాలి. తర్వాత అతికించాలంటే సగం పని తిరగరాయాలి.

హైదరాబాద్ వాళ్లకి ఇచ్చినా ఒక్క రోజు ఖర్చు పెట్టుకుని ఇక్కడికి రప్పించండి. ఆ ప్రయాణ ఖర్చు దండగ కాదు.

మాకు కోడింగ్ రాదు. పనితనం ఎలా తెలుస్తుంది?

కోడ్ చదవక్కర్లేదు. ఇంతకుముందు చేసిన, ఇప్పుడు నడుస్తున్న సైట్లు రెండు చూపించమనండి. స్క్రీన్‌షాట్లు వద్దు, లింకులు కావాలి. వాళ్ల లాప్‌టాప్‌లో కాదు, మీ ఇంట్లో ఉన్న పాత ఆండ్రాయిడ్ ఫోన్‌లో తెరవండి. అందులో ఏ భాగం తను చేశాడో, ఏది వేరేవాళ్లు చేశారో అడగండి. నిజాయితీపరులు విడమరిచి చెబుతారు. ఆ సైటు యజమానికి ఫోన్ చేసి ఒక్కటే అడగండి: "పని అయ్యాక ఫోన్ ఎత్తుతున్నాడా అండీ?"

తర్వాత మీరే చేయగలిగిన పరీక్షలు కొన్ని ఉన్నాయి. పేరు పెట్టే చోట తెలుగులో పేరు కొట్టండి. ఒప్పుకోకపోతే ఆ ఫారం ఇంగ్లీషు అక్షరాలకే కట్టారన్నమాట. మొత్తం లక్షల్లో వచ్చేలా ఆర్డరు వేసి చూడండి. 1,25,000 అని రావాలి, 125,000 అని వస్తే మన లెక్క పద్ధతి పట్టించుకోలేదు. ఆర్డర్ బటన్‌ని గబగబా రెండుసార్లు నొక్కండి, రెండు ఆర్డర్లు పడ్డాయా చూడండి.

ఇంకోటి, ఇది మన ప్రాంతంలో బాగా దెబ్బ కొట్టేది. తెల్లవారి అయిదింటికి ఒక బిల్లు కొట్టి తేదీ చూడండి. జావాస్క్రిప్ట్‌లో తేదీని అక్షరాలుగా మార్చే ఒక సులువైన పద్ధతి మన టైం కాకుండా అంతర్జాతీయ ప్రమాణ కాలాన్ని ఇస్తుంది. మనం దానికన్నా 5 గంటల 30 నిమిషాలు ముందున్నాం. కాబట్టి అజాగ్రత్తగా రాస్తే అర్ధరాత్రి నుంచి అయిదున్నర వరకు కొట్టిన బిల్లులన్నీ నిన్నటి తేదీతో పడతాయి. పగలు పదింటికి ఆఫీసులో పరీక్షిస్తే ఈ తప్పు ఎప్పటికీ బయటపడదు. చేపలు, రొయ్యలు, పాలు, పూల వ్యాపారమంతా ఆ వేళలోనే కదా!

పెద్ద పని అయితే ముందు రెండు మూడు రోజుల చిన్న పని ఒకటి డబ్బులిచ్చి చేయించుకోండి. ఉచితంగా శాంపిల్ చేయమని అడగొద్దు. మంచి పనివాళ్లు చేయరు.

పని గుత్తకి ఇవ్వాలా, రోజు లెక్కన ఇవ్వాలా?

ఇల్లు కట్టించినవాళ్లకి ఈ తేడా బాగా తెలుసు. ప్లాను ఖరారైతే మేస్త్రికి గుత్తకిస్తాం, పాత ఇల్లు మరమ్మతు అయితే రోజు కూలీ మీద చేయిస్తాం, ఎందుకంటే గోడ తవ్వితే లోపల ఏముందో ఎవరికీ తెలియదు. వెబ్ పనిలోనూ అంతే. ఏ పేజీలో ఏముండాలో కాగితం మీద పెట్టగలిగితే గుత్త. వేరేవాళ్లు సగం చేసి వదిలేసిన సైటుని బాగుచేయాలంటే రోజు లేదా గంట లెక్క, దానికి వారానికి ఇంతకు మించకూడదని ఒక హద్దు.

గుత్త పనిలో గొడవలన్నీ "ఇది కూడా అందులోనిదే కదా" దగ్గరే మొదలవుతాయి. మీరు అన్నీ వస్తాయనుకుంటారు, డెవలపర్ రాసింది మాత్రమే అనుకుంటాడు. అందుకే ఏవి ఇందులో రావో కూడా రాయమనండి. ఫొటోలు ఎవరు తీస్తారు? మూడొందల మొక్కల పేర్లు, రేట్లు ఎవరు ఎక్కిస్తారు? తెలుగు అనువాదం ఎవరిది? ఈ మూడూ రాయని కొటేషన్ చూస్తే నాకు టెన్షన్‌గా ఉంటుంది, ఎందుకంటే పని ఆగేది ఎక్కువగా వీటి దగ్గరే.

మొత్తం ఎంతవుతుంది?

పని వినకుండా రేటు చెప్పేవాళ్లని నమ్మొద్దు. రేటుని పెంచేవి ఏమిటో తెలుసుకుంటే కొటేషన్ చదవడం వస్తుంది: లాగిన్లు, ఆన్‌లైన్ చెల్లింపులు, రేట్లు మీరే మార్చుకునే అడ్మిన్ పేజీ, రెండు భాషలు, ట్యాలీ లాంటి వేరే సాఫ్ట్‌వేర్‌తో కలపడం. పేజీల సంఖ్యని బట్టి పెరిగేది తక్కువ.

డెవలపర్ కూలి కాక ఏటా నడిచే ఖర్చులు వేరే ఉంటాయి. డొమైన్, అంటే సైటు పేరు, ఏడాదికి సుమారు వెయ్యి రూపాయలు. హోస్టింగ్ (సైటుని ఉంచే సర్వర్ అద్దె), పేమెంట్ గేట్‌వే (ఆన్‌లైన్‌లో డబ్బు తీసుకుని మీకు చేర్చే సంస్థ) కమీషన్, ఎస్సెమ్మెస్‌లు. ఓటీపీ ఎస్సెమ్మెస్ పంపాలంటే టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధనల ప్రకారం వ్యాపారం పేరు, మెసేజ్ నమూనా ముందే టెలికాం కంపెనీలు నడిపే డీఎల్‌టీ అనే రిజిస్టర్‌లో నమోదు చేయాలి. దానికి కాగితాలు, సమయం పడతాయి. కొటేషన్‌లో ఈ వరస లేకపోతే అడిగి రాయించండి.

అడ్వాన్స్ ఎంత ఇవ్వాలి?

నేను మూడో వంతు తీసుకుంటాను. మీరు ముట్టుకుని చూడగలిగే సగం పని తయారయ్యాక ఇంకో మూడో వంతు, అప్పగింత పూర్తయ్యాక మిగతాది. సగానికి మించి ముందే అడిగితే ఎందుకో అడగండి. అసలు అడ్వాన్స్ ఇవ్వనంటే మాత్రం అనుభవమున్నవాళ్లు రారు. డబ్బు బ్యాంకు ద్వారా పంపండి, ఏ దశకి ఎంతో మెసేజ్‌లో రాయండి.

తెలిసిన కుర్రాడే. మాట మీద చేయించుకుంటే చాలదా, అగ్రిమెంట్ ఎందుకు?

మర్యాద ఉన్నచోటే కాగితం సులువుగా రాసుకోవచ్చు. గొడవ వచ్చాక ఎవరూ సంతకం పెట్టరు. దీనికి చట్టపరమైన కారణం ఒకటుంది, మన వ్యాపారుల్లో నూటికి తొంభై మందికి అది తెలియదని నా నమ్మకం.

కాపీరైట్ చట్టం 1957 ప్రకారం కంప్యూటర్ ప్రోగ్రాం సాహిత్య రచన కిందికి వస్తుంది. జీతం మీద పనిచేసే ఉద్యోగి రాస్తే, వేరే ఒప్పందం లేనంతవరకు హక్కు యజమానిది. ఫ్రీలాన్సర్ మీ ఉద్యోగి కాదు. కాబట్టి మీరు పూర్తి డబ్బు ఇచ్చినా, రాసుకోకపోతే ఆ కోడ్ మీద మొదటి హక్కు అతనిదే. హక్కు మీకు రావాలంటే రాతపూర్వకంగా, అతని సంతకంతో బదిలీ జరగాలి. అక్కడితో అయిపోలేదు. అదే చట్టం 19వ సెక్షన్ ప్రకారం ఎంతకాలానికో రాయకపోతే బదిలీ 5 ఏళ్లకే అనుకోవాలి. ఏ ప్రాంతానికో రాయకపోతే భారతదేశం వరకే. నరసాపురం లేసు, రొయ్యలు ఎగుమతి చేసేవాళ్లకి ఈ రెండో మాట ముఖ్యం. బదిలీ అయిన హక్కుని ఏడాదిలోగా వాడుకోకపోతే అది రద్దయ్యే నిబంధన కూడా ఉంది, వేరేలా రాసుకుంటే తప్ప.

అందుకని అగ్రిమెంట్‌లో ఈ భావం వచ్చేలా రాయించండి: "చివరి చెల్లింపు అందిన వెంటనే ఈ పని కోసం ప్రత్యేకంగా రాసిన కోడ్ మీద కాపీరైట్ పూర్తి కాలానికి, ప్రపంచమంతటికీ యజమానికి బదిలీ అవుతుంది. వెంటనే వాడకపోయినా ఆ హక్కు పోదు." రియాక్ట్ లాంటి ఓపెన్ సోర్స్ భాగాలు ఎవరికీ బదిలీ కావు, వాటి లైసెన్సు వాటికి ఉంటుంది. డెవలపర్ ఆ మాట రాయమంటే ఒప్పుకోండి, అది న్యాయం. పెద్ద మొత్తమైతే లాయరుకి ఒకసారి చూపించండి.

డొమైన్, హోస్టింగ్ డెవలపరే చూసుకుంటానంటున్నాడు. ఇబ్బందేమైనా ఉందా?

ఉంది. ఈ పేజీలో ఒక్క జవాబే చదువుతానంటే ఇదే చదవండి.

నాకు తెలిసిన ఒక పూతరేకుల వ్యాపారి సైటు డొమైన్ అప్పట్లో కట్టిన కుర్రాడి సొంత ఈమెయిల్ మీద ఉంది. ఆ కుర్రాడు మంచివాడే, డబ్బు కోసం ఇబ్బంది పెట్టలేదు. పై చదువులకి విదేశం వెళ్లాడు, ఆ ఈమెయిల్ చూడటం మానేశాడు. రెన్యువల్ మెసేజ్‌లన్నీ అందులోకే పోయాయి. గడువు తీరి డొమైన్‌ని ఇంకెవరో కొన్నారు. బాక్సుల మీద, క్యారీ బ్యాగుల మీద అచ్చేసిన అడ్రసు కొడితే వేరే ఏదో సైటు తెరుచుకునేది. చేసేదేం లేక కొత్త పేరు కొని, బాక్సులన్నీ మళ్లీ అచ్చు వేయించారు.

డొమైన్ మీ పేరు మీద, మీ ఈమెయిల్‌తో, మీ ఫోన్ నంబరుతో మీరే కొనండి. పక్కన డెవలపర్‌ని కూర్చోబెట్టుకుని చేస్తే పావుగంట పని. హోస్టింగ్, పేమెంట్ గేట్‌వే, కోడ్ దాచే గిట్‌హబ్ ఖాతా కూడా మీ పేరు మీదే తెరిచి డెవలపర్‌ని అందులో సభ్యుడిగా చేర్చండి. పని అయ్యాక తీసేయొచ్చు. పాస్‌వర్డ్‌లు వాట్సాప్‌లో పంపొద్దు.

ఆన్‌లైన్ పేమెంట్లు పెడుతున్నాం. డెవలపర్‌ని ఏం అడగాలి?

మూడు అడగండి. మొదటిది, మొత్తం ఎంత అన్నది ఎక్కడ లెక్క కడుతున్నారు? కస్టమర్ బ్రౌజర్‌లో కట్టిన లెక్కని నమ్మి డబ్బు తీసుకుంటే, కాస్త తెలిసినవాడు వెయ్యి రూపాయల ఆర్డర్‌ని రూపాయికి మార్చి చెల్లించేయగలడు. సర్వర్ మీద మళ్లీ లెక్క కట్టాలి. రెండోది, డబ్బు పడిందని దేన్నిబట్టి నమ్ముతున్నారు? "సక్సెస్" పేజీ తెరుచుకోవడం రుజువు కాదు. గేట్‌వే నుంచి మీ సర్వర్‌కి నేరుగా వచ్చే వెబ్‌హుక్ సందేశాన్ని, అది నిజంగా గేట్‌వే పంపిందేనని చూపే డిజిటల్ సంతకాన్ని సరిచూడాలి. కస్టమర్ డబ్బు కట్టగానే సిగ్నల్ పోయినా ఆర్డర్ మీకు చేరేది అలాగే. మూడోది, గేట్‌వే రహస్య కీ ఎక్కడుంది? ఫ్రంటెండ్ కోడ్‌లో ఉంటే లోకమంతా చదవొచ్చు.

డబ్బు లెక్కలు రూపాయల్లో దశాంశాలతో కాక పైసల్లో పూర్ణసంఖ్యలుగా ఉంచమనండి. జావాస్క్రిప్ట్‌లో 0.1కి 0.2 కలిపితే 0.30000000000000004 వస్తుంది. వేల బిల్లుల మీద ఆ తేడా ఖాతాల్లో తేలుతుంది.

సైటు తెలుగులో కావాలి. ప్రత్యేకంగా ఏమైనా చెప్పాలా?

మీ పాత కరపత్రాలు డీటీపీ షాపులో అను ఫాంట్లతో కొట్టి ఉంటే, అది ఫోన్లు, బ్రౌజర్లు అన్నీ చదివే యూనికోడ్ పద్ధతి కాదు. సైటులోకి కాపీ చేస్తే పిచ్చి గీతలు వస్తాయి. మార్పిడి చేయించి, ఒత్తులు సరిగా వచ్చాయో లేదో మీరే చదివి చూసుకోవాలి. ఈ పని ఎవరిదో గుత్తలో రాయండి.

జావాస్క్రిప్ట్‌కి "శ్రీ" ఒక్క అక్షరం కాదు, నాలుగు. పేరు పొడవుకి ఇంగ్లీషు లెక్కన హద్దు పెడితే తెలుగు పేర్లు గుడి తెగిపోయి, ఒత్తు ఊడిపోయి అచ్చవుతాయి. వరసల మధ్య ఎడం కూడా ఇంగ్లీషుకన్నా ఎక్కువ కావాలి, లేకపోతే పై వరస ఒత్తులు కింది వరస గుడులకి తగులుతాయి. నోటో సాన్స్ తెలుగు, మండలి, రామభద్ర లాంటి ఫాంట్లు ఉచితంగా దొరుకుతాయి. శీర్షికలకి రామభద్ర బాగుంటుంది కానీ చిన్న అక్షరాల్లో చదవడం కష్టం.

ఎంతకాలం పడుతుంది? పండగకి కావాలి.

సంక్రాంతి అమ్మకాలకి కావాలంటే డిసెంబరు మొదటికల్లా పని పూర్తయి ఉండాలి. మిగతా రోజులు మీరు, మీ గుమాస్తా వాడి అలవాటు పడటానికి. భోగి నుంచి ముక్కనుమ దాకా ఈ జిల్లాల్లో ఏ డెవలపర్‌తోనూ గడువు పెట్టుకోకండి, ఒప్పుకున్నా జరగదు. జూలై, ఆగస్టుల్లో గోదావరికి వరదొస్తే లంక గ్రామాల్లో ఉండేవాళ్లకి, అక్టోబరు, నవంబరు తుఫాన్లకి కోస్తా ఊళ్లవాళ్లకి కరెంటు, నెట్ రెండూ పోతాయి. సర్వర్ ముంబైలోనో హైదరాబాద్‌లోనో ఉంటుంది కాబట్టి నడిచే సైటు నడుస్తూనే ఉంటుంది, పని మాత్రం ఆగుతుంది. ఆ రోజులకి గడువు పొడిగింపు ముందే రాసుకోండి.

జీఎస్టీ, టీడీఎస్ సంగతేంటి?

సేవల ఆదాయం ఏడాదికి 20 లక్షలు దాటని ఫ్రీలాన్సర్ జీఎస్టీ రిజిస్ట్రేషన్ తీసుకోనక్కర్లేదు. రిజిస్టరైనవాళ్లు 18 శాతం వేస్తారు. మీది కంపెనీ లేదా పార్ట్‌నర్‌షిప్ అయితే, లేదా సొంత వ్యాపారమై కిందటి ఏడాది టర్నోవర్ కోటి దాటితే టీడీఎస్ కోసే బాధ్యత మీ మీద పడొచ్చు. మొదటి చెల్లింపుకి ముందే ఆడిటర్‌ని అడగండి.

ఏఐతో గంటలో సైటు అయిపోతుందట కదా?

మొదటి రూపం అవుతుంది, నిజమే. మీ ఆలోచన డెవలపర్‌కి చూపించడానికి అలా ఒకటి చేసుకుని వస్తే నాకు సంతోషమే, పని త్వరగా అర్థమవుతుంది. కానీ పైన చెప్పిన తేదీ తప్పు, పేమెంట్ తప్పు ఏఐ రాసిన కోడ్‌లోనూ వస్తాయి. వాటిని పట్టుకుని జవాబు చెప్పే మనిషి ఒకరుండాలి. మీ కస్టమర్ల పేర్లు, ఫోన్ నంబర్లు మాత్రం అలాంటి టూల్స్‌లోకి ఎక్కించనివ్వకండి. 2023లో వచ్చిన వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కింద ఆ బాధ్యత వ్యాపారిదే.

పని పూర్తయిందని ఎలా ఒప్పుకోవాలి?

చివరి వాయిదా ఇచ్చే ముందు, మీ గిట్‌హబ్‌లో ఉన్న కోడ్‌ని తీసుకుని, వేరే కంప్యూటర్‌లో మొదటి నుంచి పెట్టి సైటు నడిపి చూపించమనండి. కొత్త మనిషి చేసి చూపిస్తే ఇంకా మంచిది. అది జరిగితే కోడ్ మొత్తం మీ దగ్గర ఉన్నట్టే. డేటాబేస్ బ్యాకప్ ఒకటి తీసి, దాన్ని తిరిగి ఎక్కించి చూపించాలి.

ఆ తర్వాత కూడా సైటు గాలికి వదిలేయడానికి లేదు. జావాస్క్రిప్ట్ సైటు వెనక వందలకొద్దీ చిన్న ప్యాకేజీలు ఉంటాయి, వాటిలో భద్రతా లోపాలు బయటపడుతూ ఉంటాయి. మూడు నెలలకోసారి వాటిని అప్‌డేట్ చేయడానికి చిన్న మొత్తంతో ఏడాది ఒప్పందం పెట్టుకోండి. తన తప్పుల వల్ల వచ్చిన లోపాలు మాత్రం అప్పగించాక రెండు నెలలైనా ఉచితంగా సరిచేయాలి.

మొదటిసారి మాట్లాడేటప్పుడు ఏం తీసుకురావాలి?

నచ్చిన సైట్ల జాబితా కన్నా మీ బిల్లు పుస్తకం ముఖ్యం. కిందటి నెల ఆర్డర్ల పుస్తకంలో రెండు మూడు పేజీలు ఫొటో తీసి పంపండి, కస్టమర్ల నంబర్లు కప్పేసి. కొట్టివేతలు, పక్కన రాసుకున్న గుర్తులు, "బాకీ" అని ఎర్ర ఇంకుతో రాసినవి అలాగే ఉండనివ్వండి. సైటు ఏం చేయాలో వాటిని బట్టే తెలుస్తుంది. రోజూ దాన్ని వాడబోయే గుమాస్తాని కూడా ఫోన్‌లో కలపండి.